తడిసిన కాగితాలు

2020 అక్టోబర్ 13 రాత్రి వాన హైదరాబాద్‌లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ వీధులు నీళ్లలో మునిగాయి. తర్వాత రెండు రోజులకు నేను ఆ కాలనీలో ఒక మేడ మీద నిలబడి, బట్టలారేసే తాడుకు క్లిప్పులు పెట్టి పదో తరగతి మెమోలు ఆరేస్తున్నాను. పక్కన ఒక ఇంటర్ టీసీ, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, ఎవరిదో పాత పెళ్లిపత్రిక.

దుబాయి నుంచి నేను తిరిగొచ్చి అప్పటికి మూడు నెలలే. చేతిలో పని లేదు. కాలనీ కుర్రాళ్లు నీళ్లలో తిరుగుతూ అన్నం ప్యాకెట్లు పంచుతుంటే వాళ్లతో కలిశాను. మొదటి రోజు ఆ ఇంటికి ప్యాకెట్లు తీసుకెళ్తే అప్పటికే మూడు చోట్ల నుంచి వచ్చినవి అక్కడ ఉన్నాయి. తిండి సరే, ఇంకేం కావాలక్కా అని అడిగాను. ఆ ఇంటావిడ కాసేపు నా మొహం చూసి, లోపలికెళ్లి ఒక పాలిథిన్ కవర్ తెచ్చింది. కవర్లో సగం నీళ్లే.

"టీవీ పోతే పోయింది తమ్ముడూ, ఫ్రిజ్ పోతే పోయింది. పిల్ల సర్టిఫికెట్లు ఇట్లయినయ్. ఏమన్నా చేయొచ్చా?"

ఇంకేం కావాలి అని అడగడం నేను దుబాయిలో నేర్చుకున్నాను. 2009లో స్టోర్‌కీపర్ పని మీద వెళ్లాను. ఉండేది సోనాపూర్ కార్మికుల క్యాంపులో. ప్రభుత్వ రికార్డుల్లో దాని పేరు ముహైస్నా. మా గదిలో ఎనిమిది మందిమి, మిగతా ఏడుగురూ కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లే. హైదరాబాద్ నుంచి వచ్చింది నేనొక్కడినే. పక్క బ్లాక్‌లో స్కాఫోల్డింగ్ మేస్త్రీ, అంటే కట్టడాలకు పరంజా కట్టించే ఆయన ఒకాయన ఉండేవాడు. జగిత్యాల దగ్గర పల్లె, చదువు ఏడో తరగతి. మేమందరం మేస్త్రీ కాకా అనే పిలిచేవాళ్లం. ఉన్న ఒక్క సెలవు శుక్రవారం. అందరం బట్టలు ఉతుక్కుని, వండుకుని, ఇంటికి ఫోన్లు చేసుకునే ఆ రోజు కాకా ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ప్లాస్టిక్ ఫైలు పెట్టుకుని బయల్దేరేవాడు.

ఒకసారి నన్ను కూడా రమ్మన్నాడు. వేరే క్యాంపులో మనవాడొకడు నిద్రలోనే చనిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. మేం వెళ్లేసరికి గదిలో అందరూ చందా పోగేస్తున్నారు. నేనూ జేబులో చెయ్యి పెట్టాను.

"పైసలు తర్వాత, తమ్మీ. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుందో ముందు కనుక్కో" అన్నాడు కాకా.

మనిషి చనిపోయాక ఊరికి పంపడానికి ఎన్ని కాగితాలు కావాలో నాకు ఆ రోజే తెలిసింది. ఆసుపత్రి నుంచి మరణ ధ్రువీకరణ, పోలీసుల క్లియరెన్స్ ఉత్తరం, కంపెనీ ఉత్తరం, ఊరి నుంచి భార్యో తల్లిదండ్రులో సంతకం చేసిన అధికార పత్రం. అవన్నీ తీసుకుని కాన్సులేట్‌కు వెళ్తే వాళ్లు మరణం నమోదు చేసి, పాస్‌పోర్ట్ రద్దు చేసి, అభ్యంతరం లేదని ఉత్తరం ఇస్తారు. తర్వాత శవం పాడవకుండా ఎంబామింగ్, ఆ తర్వాత విమానం కార్గో బుకింగ్. ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి. కంపెనీ చేతులెత్తేస్తే కాన్సులేట్ దగ్గర భారత సమాజ సంక్షేమ నిధి ఉంది. 2009లోనే పెట్టారు దాన్ని. అలాంటి నిధి ఉందని మా గదిలో ఎనిమిది మందిలో ఒక్కరికీ తెలియదు. కాకాకు తెలుసు.

అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం చేసేది పేరు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. పాస్‌పోర్ట్‌లో దాన్ని వేరే గడిలో రాస్తారు. ఆసుపత్రిలో ఒకలా రాసుకుంటారు, లేబర్ కార్డు మీద ఇంకోలా ఉంటుంది. ఒక్క అక్షరం తేడా వస్తే కాగితం వెనక్కి తిరిగొస్తుంది. అటు ఊళ్లో ఇంటిముందు టెంటు వేసుకుని ఎదురుచూస్తుంటారు. అందుకే కాకా నా చేత పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు పెద్దక్షరాల్లో రాయించి, నాలుగు కాపీలు తీయించి, ఏ కౌంటర్‌కు వెళ్లినా ముందు ఆ చీటీ ఇచ్చేవాడు. స్టోర్‌లో రోజూ పార్ట్ నంబర్లు సరిచూసేవాణ్ని కాబట్టి ఆ పని నాకు బాగా పట్టుబడింది. తర్వాత పదేళ్లు కాకా వెంట తిరిగాను. 2018లో ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా అక్కడ వీసా లేకుండా ఉండిపోయినవాళ్లకు క్షమాభిక్ష ఇచ్చినప్పుడు, కల్లివెల్లి అయిన, అంటే కంపెనీ వదిలి వెళ్లిపోయిన మనవాళ్లు వరసకట్టారు. పాస్‌పోర్ట్ లేనివాళ్లు ఊరికి రావడానికిచ్చే ఔట్‌పాస్ ఫారాలు నింపీ నింపీ నా వేళ్లు వాచిపోయాయి.

కోవిడ్ వచ్చిన కొత్తలో క్యాంపుల గేట్లు మూసేశారు. సాయం మాత్రం ఆగలేదు. తెలుగు సంఘాలు, మలయాళీలు, గురుద్వారా వాళ్లు, ఎవరికి తోచింది వాళ్లు పంపారు. బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిగడ్డలు. మా గేటు దగ్గర బియ్యం బస్తాలు గుట్టగా పడ్డాయి. ఒకరోజు గేటు ఊచల్లోంచి ఒక పెద్దాయన చెయ్యి చాపి, నలిగిన ఖాళీ మాత్రల షీటు చూపించాడు. ఊరి నుంచి ఆరు నెలలకు సరిపడా తెచ్చుకున్న బీపీ మాత్రలు. అయిపోయి తొమ్మిది రోజులైందట. ఈ తొమ్మిది రోజుల్లో ఎన్నో సంచులు చేతికిచ్చారు, నీకేం కావాలని ఒక్కరూ అడగలేదు. ఆ రాత్రే మేం గది గదికీ ఫోన్ చేసి బీపీ, షుగర్, ఫిట్స్ మందులు ఎవరికి కావాలో రాసుకున్నాం. ఒక్క మా క్యాంపులోనే చిట్టా రెండు పేజీలు దాటింది. మన దగ్గరి కంపెనీ పేర్లు అక్కడ ఉండవు, అందుకని షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు ఫొటో తీసి పంపమన్నాం. ఒక ఫార్మసిస్టు రాత్రి డ్యూటీ అయ్యాక కూర్చుని, దేనికి బదులు ఏది ఇవ్వొచ్చో చూసి, డాక్టర్‌తో రాయించి ఇచ్చేవాడు.

రెండు నెలల జీతం బాకీ పెట్టి మా కంపెనీ మూతపడింది. కోవిడ్‌లో విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చిన వందే భారత్ విమానాల్లో హైదరాబాద్‌కు మొదటిది మే 9న కువైట్ నుంచి వచ్చింది. నా వంతు వచ్చేసరికి జూలై. కాకా ఇంకా అక్కడే ఉన్నాడు. విమానాశ్రయం దాకా వచ్చి, ఇంకో సంచి ఇస్తాడేమో అనుకుంటే, తన ప్లాస్టిక్ ఫైళ్లలో ఒకటి, ఖాళీది, నా చేతిలో పెట్టాడు.

సరూర్‌నగర్ నీళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను. తడిసిన కాగితాలతో ఎలా మెలగాలో మాకూ ఒకేసారి తెలియలేదు. మొదట రెండు చింపేశాం, ఆ బాధ ఇప్పటికీ ఉంది. తడిగా ఉండగా అతుక్కున్న పేజీల్ని లాగకూడదు. ఎండలో పెట్టకూడదు, వంకర్లు తిరిగి సిరా వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాను గాలికి, కింద తెల్ల కాగితమో పాత నూలు చీరో పరిచి ఆరనివ్వాలి. న్యూస్ పేపర్ పెడితే దాని రంగు అంటుతుంది. లామినేషన్ చేసినవి ఇంకా కష్టం. అంచు దగ్గర నీరు దూరి లోపలే నిలిచిపోతుంది. ఇక ఏది చేసినా, ముందు ఫోన్లో ఫొటో తీసుకోవాలి. ఫొటోలో హాల్ టికెట్ నంబర్ కనిపిస్తే, మెమో పోయినా హెడ్మాస్టర్ ద్వారా డూప్లికేట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ పనికి మనుషులు మొదటి వారం తర్వాతే కావాలి. మొదటి మూడు రోజులు ఏ వీధిలో చూసినా బ్యానర్లు, ఆటోలు. పాత బట్టల మూటలు రోడ్డు పక్కన బురదలో పడి ఉండేవి. పంపినవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ ఆడవాళ్లు మా చెల్లెళ్లను పక్కకు పిలిచి అడిగినవి ప్యాడ్లు, పొడి లోబట్టలు. మగవాళ్లు అడిగినవి పారలు, బ్లీచింగ్ పౌడర్, సంపులో నీళ్లు తోడే మోటారు. పదో రోజుకు బ్యానర్లు వెళ్లిపోయాయి. టోలీచౌకి నదీం కాలనీలో అప్పటికీ చెత్త ఎత్తుతూనే ఉన్నారు. ఉస్మాన్‌నగర్‌లోనైతే నెలలు గడిచినా ఇళ్లలో నీళ్లే. ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయలు ప్రకటించింది, దానికీ కాగితాలే కావాలి. మీసేవ ముందు ఆడవాళ్లు తెల్లవారుజాము నుంచి నిలబడేవాళ్లు. మేం నలుగురం వంతులవారీగా, చేతిలో అట్ట, పెన్ను పట్టుకుని ఫారాలు నింపాం. ప్రతి ఒక్కరినీ మొదట అడిగింది ఆధార్‌లో పేరెలా ఉందని.

అప్పటి జట్టులో ఆరుగురం ఇప్పటికీ కలిసే ఉన్నాం. వరదలు ఏడాది పొడవునా రావు కదా. మిగతా రోజుల్లో మా పని రక్తం రిజిస్టరు. మాలో ఒకరి మేనకోడలికి తలసేమియా, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. అలాంటి పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. పండగైనా, పరీక్షలైనా ఆ తేదీ తప్పదు. రక్తానికి కూడా గడువుంటుంది, ఐదారు వారాలు దాటితే పనికిరాదు. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. నేను స్టోర్‌లో చేసిన పనే ఇక్కడా చేస్తున్నాను. పేరు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వొచ్చు. పుట్టినరోజు క్యాంపుల్లో ఒకేరోజు వందమంది ఇస్తామంటే సంతోషమే కానీ, అందులో ఇరవై మందినైనా మే నెలకు ఆపమని బతిమాలతాను. కాలేజీలకు సెలవులొచ్చి రక్తం దొరకని నెల అది.

2024 ఏప్రిల్ 16న దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో వాన పడింది. అల్ ఐన్‌లో ఒకచోట 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్లు, 1949 నుంచి ఉన్న లెక్కల్లో అదే ఎక్కువ. దుబాయి విమానాశ్రయం రన్‌వే మీదే నీళ్లు నిలిచాయి. మర్నాడు పాత నంబర్ల నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. షార్జాలో కింది అంతస్తు గదిలో ఉన్న కుర్రాడొకడు ఏడుస్తూ, "అన్నా, పెట్టెలో పాస్‌పోర్ట్ నానిపోయింది, హెయిర్ డ్రయర్ పెట్టమంటరా?" అన్నాడు. వద్దు నాయనా, నీడలో నిలబెట్టి పేజీలు వాటంతట అవే విడివడనీ అని చెప్పి, ఉన్నదున్నట్టు ఫొటోలు తీయించి, కోదండరాంనగర్‌లో నేర్చుకున్నదంతా తెలుగులో వాయిస్ మెసేజ్ చేసి పంపాను. అది ఎన్ని గదులకు చేరిందో గానీ, నాకు తెలియని నంబర్ల నుంచి నాలుగు రోజులు ఫొటోలు వచ్చాయి.

ఇప్పుడు కాకా ఫోన్ చేస్తే నేను శంషాబాద్ కార్గో దగ్గరికి వెళ్తాను. అటు ఆయన శవపేటికను ఎక్కిస్తాడు, ఇటు నేను దింపుకుంటాను. ఊరిదాకా ఉచిత అంబులెన్స్ రాష్ట్ర ప్రభుత్వ ఎన్నారై విభాగం ఏర్పాటు చేస్తోంది. ఏ ఊరు, ఎవరు వస్తున్నారు, డ్రైవర్ నంబర్ ఏంటి, అన్నీ ముందే కలపాలి. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్రం 5 లక్షల రూపాయలు ఇస్తోంది, కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో, అంటే పనికి వెళ్లేందుకు మన ప్రభుత్వమిచ్చే అనుమతితో వెళ్లినవాళ్లు ప్రమాదంలో చనిపోతే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది, 10 లక్షలు. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవాళ్లకు అది ఉండదు. ఆ మాట ఆ ఇంటివాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు గొంతు పెగలదు.

మొన్న సిరిసిల్ల వైపు నుంచి ఒకావిడ వచ్చింది, తమ్ముణ్ని తోడు తీసుకుని. పెట్టె బయటికి రావడానికి ఇంకా గంట పడుతుందన్నారు. చెట్టు కింద కూర్చోబెట్టి, ఏ కాగితం దేనికో తమ్ముడికి చూపించాను. కాపీలు మూడు తీయించు, అసలువి ఎవరికీ ఇవ్వకు, కవర్ అంబులెన్స్‌లో ఎక్కడా పెట్టకుండా అక్క చేతిలోనే ఉంచు అని చెప్పాను. ఆమె అంతసేపూ ఏమీ వింటున్నట్టు లేదు. లేవబోతుంటే అడిగింది.

"అన్నా, అండ్ల ఆయన చేతిరాత ఏమన్న ఉన్నదా?"

ఆ కట్టలో అన్నీ ముద్రించినవే, అన్నీ ఎవరెవరో ఆఫీసర్ల సంతకాలే. మూల కత్తిరించి రద్దు ముద్ర వేసిన పాస్‌పోర్ట్ తెరిచాను. ఫొటో కింద ఆయన సంతకం ఉంది, తెలుగులో, పూర్తి పేరు. ఆ పేజీ తెరిచి ఆమె చేతికిచ్చాను. అంబులెన్స్ గేటు దాటేదాకా ఆమె దాన్ని మూయలేదు.