వేరే గరిటె

2022 నవంబరులో ఒక సాయంత్రం మా సీనియర్ ఒకాయన నా కుర్చీ వెనక నిలబడి స్క్రీన్ మీద ఒక లైను చూపించారు. "ఇది నువ్వే రాశావా?" జర్మనీలో, లైప్‌జిగ్‌లోని మా చిన్న కంపెనీలో అందరూ ఒకరినొకరు నువ్వనే అనుకుంటారు. ఆయనకి రిటైర్మెంట్ దగ్గరపడింది. చేరి ఏడాదైనా నా నోటికి ఆ నువ్వు రాదు, ఎలాగో వాక్యం తిప్పి తప్పించుకుంటాను.

ఆ లైనులో ఉన్నది రికమెండ్స్, అంటే దీనితో పాటు ఇదీ ఉంటే మంచిదని చెప్పే చోటు. దాని పక్కన అన్‌రార్, రార్ అనే రకం మూటలు విప్పే ప్రోగ్రామ్. కస్టమర్లు పంపే పాత ఫైళ్ళ మూటలు విప్పే చిన్న టూల్ మాది. దాన్ని డెబియన్‌లో, అంటే వలంటీర్లు కలిసి నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ప్యాకేజీగా చేర్పించే పని నాకిచ్చారు. రార్ ఫైళ్ళకి అన్‌రార్ బాగా పనిచేస్తుంది కదా అని రాశాను. కానీ మా టూల్ చేరాల్సింది డెబియన్ అసలు భాగమైన మెయిన్‌లో. ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కే అక్కడ చోటు. అలా కానిది నాన్-ఫ్రీ, అది మెయిన్‌కి బయట.

"మెయిన్‌లో ఉండే ప్యాకేజీ బయటిదాన్ని రికమెండ్ చేయకూడదు. దారి నువ్వే చూపిస్తే ఇక మెయిన్ ఎందుకు?" అని వెళ్ళిపోయారు. గొంతు పెంచలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ట్రామ్‌లో ఇంటిదాకా నాలో నేనే వాదించుకున్నాను. మన దగ్గర కొట్లో సరుకు లేకపోతే "పక్క వీధిలో అడగండమ్మా" అంటారు. అది మర్యాద. లేదని ముక్తసరిగా చెప్పే కొట్టుకి మళ్ళీ ఎవరు వెళ్తారు? పైగా అన్‌రార్ కొనాల్సినదేం కాదు, సోర్సు కూడా కనిపిస్తుంది. ఆ కోడుతో రార్ కుదింపు పద్ధతిని మళ్ళీ తయారు చేయకూడదని లైసెన్సులో ఒక మెలిక ఉంది, అంతే. ఆ మెలికతోనే అది నాన్-ఫ్రీ అయింది.

అసలు ఈయన మాత్రం? నేను చేరిన వారం డెబియన్ 11 వేస్తే వైఫై రాలేదు. నా ఇంటెల్ వైఫై కార్డు పనిచేయడానికి కావలసిన ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్ నాన్-ఫ్రీ, మామూలు ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు. అడక్కముందే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చింది ఈయనే!

మర్నాడు అదే అడిగేశాను. నవ్వారు. "నీ అవస్థ చూసి నీ చేతికిచ్చాను. రికమెండ్స్ అలా కాదు. నాన్-ఫ్రీ తెరిచి ఉన్న మెషీన్లో, ప్యాకేజీలు దించే ఆప్ట్ దాన్ని తనంతట తనే తెచ్చి పెడుతుంది. అక్కడ ఉనార్ రాయి, అదీ రార్ విప్పేదే, కానీ ఫ్రీ. అన్‌రార్‌ని సజెస్ట్స్‌లో పెట్టు, ఊరికే పేరు చెప్తుంది."

పేరు చెప్పడం కూడా తప్పే, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ లెక్కలో. వాళ్ళు ఆమోదించిన లినక్స్‌ల జాబితాలో ట్రిస్క్వెల్, పారబోలా ఉన్నాయి, డెబియన్ లేదు. తమాషా ఏమిటంటే, మార్చకూడని భాగాలున్నాయని ఆ ఫౌండేషన్ వారి ఈమాక్స్ అనే ఎడిటర్ మాన్యువల్‌నే డెబియన్ నాన్-ఫ్రీలోకి నెట్టింది! ఎవరి మడి వాళ్ళది.

డెబియన్ 1997లో రాసుకున్న ఒప్పందంలో నాన్-ఫ్రీ మా భాగం కాదు, అయినా వాడేవాళ్ళ కోసం మా దగ్గర చోటిస్తాం అని ఉంది. నాకీ గొడవ జరగడానికి నెల ముందే ఓటు పెట్టుకుని ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లోకి రానిచ్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో దానికి ఏకంగా విడి విభాగమే కట్టారు. వైఫై కోసం ఇంత తతంగమా, చాదస్తం కాకపోతే, అనుకున్నాను.

అనుకున్నాక అమ్మ గుర్తొచ్చింది. తమ్ముడికి టైఫాయిడ్ తగ్గాక డాక్టరుగారు గుడ్డు పెట్టమన్నారు. మా ఇంట్లో గుడ్డు గడప దాటదు. అమ్మ పెరట్లో జామచెట్టు కింద కిరసనాయిలు స్టవ్ పెట్టింది. దానికి వేరే పెనం, వేరే గరిటె, చూరు కింద మేకుకి తగిలించి.

ఇది ఆయనకి చెప్తే చాలా శ్రద్ధగా విన్నారు. "గరిటె ఎప్పుడైనా లోపలికి వచ్చేదా?"

"రాలేదు."

"అయితే మీ అమ్మగారికి ప్యాకేజింగ్ తెలుసు" అన్నారు.

ఒకటి మాత్రం ఆయనకి చెప్పలేదు. తమ్ముడు ఆ అట్టు తింటుంటే అమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఉప్పు సరిపోయిందా అని ప్రతిసారీ అడిగేది.