సెల్ టవర్ వెలుగులో లారీల వేగం

తాను ఏ తరంగాన్నీ పంపకుండా, ఇతరులు పంపిన తరంగాలు వస్తువులకు తగిలి చెదిరినప్పుడు వాటిని పట్టుకొని కదలికను గుర్తించే ఏర్పాటును పాసివ్ రాడార్ అంటారు. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని డావెంట్రీ దగ్గర రాబర్ట్ వాట్సన్-వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ ఒక హేఫోర్డ్ విమానాన్ని కనిపెట్టింది బీబీసీ ప్రసార తరంగాలతోనే. ఎవరో పెట్టిన దీపం వెలుగులో మన దారి చూసుకోవడం వంటి ఈ పని అనంతపురంలో ఇంటి బడ్జెట్‌తోనే సాధ్యమవుతుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను వాడుతున్నది 900 మెగాహెర్ట్జ్ దగ్గరి 2జీ సిగ్నల్. ప్రతి 2జీ సెల్‌లోనూ ఒక ఫ్రీక్వెన్సీ, మాట్లాడేవారు ఉన్నా లేకున్నా, ఒకే శక్తితో ఎడతెగక ప్రసారమవుతూ ఉంటుంది. మనకు కావలసింది ఆ తరంగం ఆకారమే కనుక ఎవరి సంభాషణనూ విప్పి చూడవలసిన అవసరం లేదు.

దీని బలహీనత దూరాన్ని కొలవడంలో ఉంది. ఒక్కో ఛానెల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ మాత్రమే కావడం వల్ల ముప్పావు కిలోమీటరు కంటే దగ్గరగా ఉన్న రెండు వాహనాలను దూరాన్ని బట్టి విడదీయలేము. వేగం విషయంలో మాత్రం ఇది ఎంతో నిశితమైనది. తరంగదైర్ఘ్యం 33 సెంటీమీటర్లు. టవరు, రిసీవరు రెండూ ఒకే వైపు ఉన్నప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చే లారీ సిగ్నల్ ఫ్రీక్వెన్సీని దాదాపు 100 హెర్ట్జ్ పక్కకు జరుపుతుంది. ఒక సెకను సిగ్నల్‌ను విశ్లేషిస్తే ఒక హెర్ట్జ్ తేడా, అంటే గంటకు 0.6 కిలోమీటర్ల తేడా కూడా తెలుస్తుంది.

అసలు కష్టం టవరు నుంచి నేరుగా వచ్చే సిగ్నల్‌తోనే. లారీ మీద పడి వచ్చేది దానిలో లక్షల వంతుల్లో ఒక వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకే ఒక యాగీ యాంటెన్నాను (ఒకే దిక్కు నుంచి వచ్చే సిగ్నల్‌ను ఎక్కువగా పట్టేదాన్ని) టవరు వైపు, రెండోదాన్ని టవరుకు వీపు పెట్టి 44వ నంబరు జాతీయ రహదారి వైపు తిప్పి, రెండు రిసీవర్లూ ఒకే తాళంలో నడిచేలా ఒకే క్లాక్ ఇచ్చి, మొదటిదానిలోని సిగ్నల్‌ను రెండోదాని నుంచి లెక్కకట్టి తీసివేయాలి. అలా తీసివేశాక తెర మీద సున్నా (అంటే ఫ్రీక్వెన్సీ ఏమీ జరగని చోటు) దగ్గరి లావుపాటి గీత సన్నబడి, దాని పక్కన వాహనాల గీతలు తేలతాయి. బరువెక్కిన లారీ గీత సున్నాకు దగ్గరగా నిదానంగా సాగుతుంటే, దాన్ని దాటే కారు గీత దూరంగా పోతుంది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ ఎంతో ఆనందాన్నిస్తుంది.

ఉరవకొండ వైపు వెళితే కథ మారుతుంది, ఎందుకంటే అక్కడ గాలిమరలు ఉన్నాయి. నిమిషానికి 15 చుట్లు తిరిగే 50 మీటర్ల రెక్క చివర సెకనుకు సుమారు 78 మీటర్ల వేగంతో కదులుతుంది. గాలిమరను పక్క నుంచి చూసే చోట నిలబడితే, ఒక రెక్క మన వైపు వస్తుండగా మరొకటి దూరం పోతుంది కాబట్టి సున్నాకు ఇరువైపులా 470 హెర్ట్జ్ దాకా మరక పరుచుకుంటుంది. లారీ ఇచ్చే 100 హెర్ట్జ్ ఆ మరకలోనే మునిగిపోతుంది, 2జీతో దూరాన్ని బట్టి వాటిని విడదీసే దారీ లేదు.

నా దృష్టిలో దీనికి సరైన మందు 4జీ. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌తో సుమారు 8 మీటర్ల తేడా తెలుస్తుంది కనుక గాలిమర ఒక చోట, రోడ్డు మరొక చోట విడిగా కనిపిస్తాయి. అయితే 2.4 మెగాహెర్ట్జ్ మించి అందుకోలేని చౌక రిసీవర్లు దానికి చాలవు. పైగా 4జీ సిగ్నల్ వాడకాన్ని బట్టి హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి, రద్దీ లేని వేళ దానిలో ఎప్పుడూ ఉండే భాగాలనే నమ్ముకోవాలి.