శ్రీకాకుళం దగ్గర ఒక పాత చర్చి, మా మేష్టారి గ్యాలరీ

మా డ్రాయింగ్ మేష్టారితో విజయనగరంలో బయల్దేరి, నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలంలో టీ తాగి, ఎచ్చెర్ల దాటి శ్రీకాకుళం చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. అక్కణ్ణుంచి లోపలికి ఇంకో ఊరు. పేరు చెప్పను, చెబితే ఆ టేకు తలుపుల కోసం పాతసామాన్లవాళ్లు దిగిపోతారు. కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నాటి చిన్న చర్చి ఒకటుందక్కడ. పక్కనే పెద్ద శ్లాబు చర్చి కట్టుకున్నాక పాతది షామియానాలకీ విరిగిన కుర్చీలకీ కొట్టుగది అయిపోయింది. దాన్ని బొమ్మల గ్యాలరీగా మార్చాలని మేష్టారి ఆశ.

దారంతా ఆయన ఫోన్లో బెర్లిన్ ఫోటోలే. సెయింట్ ఆగ్నెస్ అని, వెర్నర్ డ్యూట్‌మన్ 1960ల్లో డిజైన్ చేసిన కాంక్రీటు క్యాథలిక్ చర్చి, 2015 నుంచి అందులో కోనిగ్ గ్యాలరీ నడుస్తోంది. ప్రార్థన హాల్లో పెద్ద బల్ల వేసినట్టు ఒక కాంక్రీటు అంతస్తు కట్టి పైన ప్రదర్శనలు పెడతారు, గరుకు గోడలు గరుగ్గానే వదిలేశారు. ఇంగ్లండులో బ్రైటన్ ఊళ్లోనూ హోలీ ట్రినిటీ చర్చి 1996లో ఫాబ్రికా అనే గ్యాలరీ అయింది. అక్కడ జనం రావడం తగ్గి చర్చిలు ఖాళీ అవుతున్నాయి. ఇక్కడ జనం పెరిగి, చోటు చాలక పాతది వదిలేశారు. కాబట్టి ఈ భవనం ఇంకా ఎవరిదో ఒకరిదే, మనం వెళ్లి అడగాలి, అది మేష్టారికి ఎంత చెప్పినా ఎక్కదు.

తలుపు తీయగానే గబ్బిలాల కంపు. పైన పెంకులు, 2014లో హుద్‌హుద్ తుఫానుకి లేచిపోయిన చోట మాత్రం రేకులు. దూలాలకి పంకా లాగడానికి వేసిన కొక్కేలు ఇంకా ఉన్నాయి. గోడ పైభాగం పాత సున్నపు గార, చెక్కు చెదరలేదు. కింద నడుమెత్తు వరకు ఎవరో సిమెంటు పూశారు, అక్కడే నెమ్ము. మేష్టారు వేలి కణుపుతో తడితే డొల్ల మోత. పునాదిలోంచి ఎక్కిన తేమ సున్నంలోంచి ఆరిపోతుంది, సిమెంటు పూస్తే లోపలే ఉండిపోయి ఉప్పు పట్టి పెచ్చులూడుతుంది. అదంతా గీకి మళ్లీ సున్నం పెట్టాలంటే ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకాలి కదా, మాకు అసలు టెన్షన్ అదే. రెండువైపులా పొడుగాటి కిటికీలు, చూడ్డానికి భలే ఉన్నాయి గానీ నీటిరంగు బొమ్మలు ఆ ఎండలో వెలిసిపోతాయి. గోడకి మేకు కొట్టకుండా మధ్యలో చెక్క బోర్డులు నిలబెట్టడమే మేలనిపించింది, వద్దనుకున్న రోజు తీసేయొచ్చు.

సంఘ పెద్ద ఒకాయన తాళంచేతులు పట్టుకుని మా వెనకే తిరుగుతున్నాడు. ప్రసంగ వేదిక చెక్కలు రెండు ఎత్తి చూపించాడు, కింద సిమెంటు తొట్టి. "మా అమ్మకి ఇందలోనే బాప్తిస్మం ఇచ్చినారు మేష్టారూ. మీరేటి పెట్టుకున్నా పెట్టుకోండి, దీన్లో మాత్రం ఏటీ పెట్టకండి" అన్నాడు. క్యాథలిక్కులకైతే చర్చిని వేరే పనికి ఇవ్వాలంటే బిషప్ ఉత్తర్వు కావాలి, ఇచ్చినా నీచమైన పనికి వాడకూడదని వాళ్ల చట్టంలో ఉంది. బాప్టిస్టులకి సంఘం కూర్చుని తీర్మానించుకుంటే చాలట. నాకైతే ఆ తొట్టి మాటే ఉత్తర్వులా తోచింది.

బొమ్మల విషయంలో మాత్రం మేష్టారితో నాకు పడలేదు. బొబ్బిలిలో పుట్టి, విజయనగరంలో చిత్రకళ నేర్పిన అంట్యాకుల పైడిరాజు బొమ్మల ప్రింట్లు పెడదామన్నారు, సరే. సీతంపేట సవర గిరిజనుల బొమ్మలు కాన్వాసు మీద వేయించి పెడదామంటే ఒప్పుకోలేదు నేను. వాళ్లు ఇంటి గోడకి ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో దేవతల కోసం వేసేవి అవి. ఒకరి గుడి ఖాళీ చేయించి ఇంకొకరి పూజ తెచ్చి అందులో తగిలించడం ఏం న్యాయం? వాళ్లనే పిలిచి అడుగుదామన్నాను, వస్తే వాళ్లకి తోచినట్టు వేస్తారు.

క్రిస్మస్ హడావుడి అయ్యాక మా మాట సంఘం కమిటీలో పెడతామన్నాడు ఆ పెద్దాయన. తిరుగుదారిలో టికెట్ మీద గొడవ. పదో పరకో పెట్టకపోతే సున్నం ఖర్చు ఎవరిస్తారని నేను, టికెట్ పెడితే ఆ ఊరివాళ్లే గుమ్మం ఎక్కరని ఆయన. నాతవలస దగ్గర హైవే దిగేదాకా తేలలేదు.