16వ వారం: పెడలు తిరిగింది, మోకాలు వంగలేదు

మోకాలి చిప్ప విరిగాక ఇది 16వ వారం. ఆదివారం పొద్దున 6 గంటల 10 నిమిషాలకు, వరండాలో నిలబెట్టిన సైకిలు ఎడమ పెడలు మొదటిసారి పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. పక్కనే ఫోను పట్టుకుని నిలబడ్డ మా అబ్బాయి కేక పెట్టాడు. ఆ సంతోషంలో ఆపకుండా 14 చుట్లు తిప్పాను. ఆరున్నరకు వాడు తీసిన వీడియో చూశాక ఆ 14 చుట్లనూ డైరీలోంచి కొట్టేశాను. నాలుగు వారాలుగా నన్ను సతాయిస్తున్న చిక్కు అంతా ఆ వీడియోలోనే ఉంది, అందుకే ఈసారి కొలతలతో సహా రాస్తున్నాను.

జరిగింది క్లుప్తంగా. ఫిబ్రవరిలో ఒంటిమిట్ట నుంచి కడపకు సైకిలు మీద తిరిగి వస్తూ, భాకరాపేట దాటాక కుక్క అడ్డం వచ్చి పడ్డాను. ఎడమ మోకాలి చిప్ప అడ్డంగా రెండు ముక్కలైంది. రెండు ఉక్కు సూదులు నిలువుగా దించి, వాటిని పట్టుకునేలా 8 అంకె ఆకారంలో తీగ బిగించారు. ఆసుపత్రికి చూడవచ్చిన మా మేనమామ, "కోత ఎందుకమ్మా, పుత్తూరు పోదాం, కట్టు కట్టించుకుంటే సరిపోతుంది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. చెయ్యి విరిగి పుత్తూరు కట్టుతో బాగుపడినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. కానీ చిప్ప సంగతి వేరు. తొడ కండరం పై ముక్కను ఎప్పుడూ పైకి లాగుతూనే ఉంటుంది. నా ఎక్స్‌రేలో రెండు ముక్కల మధ్య వేలు పట్టేంత సందు కనిపించింది. బయటి నుంచి ఎంత గట్టిగా కట్టినా ఆ సందు మూసుకోదు. లోపలి తీగ అయితే, ముక్కలను విడదీయాలని చూసే ఆ లాగుడునే వాటిని కలిపి నొక్కే బలంగా మారుస్తుంది. "మామా, ఇది కట్టుకు లొంగే విరుపు కాదు" అని ఎక్స్‌రే చూపిస్తే ఆయనే సరే అన్నాడు.

ఎముక 12వ వారానికి చక్కగా అతుక్కుంది. ఊతకర్ర వదిలేశాను. మెట్లు ఎక్కుతున్నాను.

మోకాలి వంపు లెక్క ఇది: 6వ వారం 55 డిగ్రీలు, 8వ వారం 72, 10వ వారం 88, 12వ వారం 96. ఆ తర్వాత 98, 99, 98, 99. అంటే నాలుగు వారాలుగా గోడకు తగిలినట్టు అక్కడే ఆగిపోయింది. నడకకు 70 లోపే చాలు, కుర్చీలోంచి లేవడానికి 90 పైచిలుకు సరిపోతుంది. సైకిలు తొక్కడానికి మామూలు అమరికలో 110 కావాలి. బాసింపట్టు వేసుకుని బండల మీద కూర్చుని సంగటి తినాలంటే ఇంకా ఎక్కువ కావాలి, దాని గురించి ఇప్పుడే ఆలోచించడం లేదు.

సైకిలును వరండాలో ఇనుప స్టాండు మీద ఎత్తి పెట్టాను. వెల్డింగు షాపులో 1,400 రూపాయలకు చేయించుకున్న స్టాండు అది. ఈ దశలో వేల రూపాయల ట్రైనరు (సైకిలును ఇంట్లోనే నిలబెట్టి తొక్కే యంత్రం) అక్కర్లేదని నా అభిప్రాయం. బరువు పెట్టి తొక్కడం లేదు, చక్రం గాలిలో తిరిగితే చాలు.

మొదటి ప్రయత్నం 12వ వారంలో, డాక్టరు అనుమతి ఇచ్చిన మర్నాడే. క్రాంకు, అంటే పెడలును ఇరుసుకు కలిపే కడ్డీ, 170 మిల్లీమీటర్లది, సీటు నా మామూలు ఎత్తులో ఉంది. పెడలు వెనక నుంచి పైకి వస్తూ, శిఖరానికి ఇంకా 8 సెంటీమీటర్లు ఉండగా ఆగింది. గోడ మీద స్కేలు అంటించి కొలిచాను కాబట్టి ఇది ఊహ కాదు. నా తొడ, పిక్క పొడవులతో లెక్క వేస్తే ఈ కోణం దగ్గర ఒక డిగ్రీ వంపు అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి నాకు ఇది మోకాలి సమస్యగా కాక, 8 సెంటీమీటర్లు ఎక్కడెక్కడ దొరుకుతాయన్న వెతుకులాటగా మారింది.

సీటును 25 మిల్లీమీటర్లు ఎత్తాను. ఇంకా ఎత్తితే కుడికాలు అడుగున అందడం లేదు. మిగిలింది 5.5.

తర్వాత ఎడమ క్రాంకు ఒక్కటే మార్చాను. గాయం ఎడమ కాలికి కావడం ఒక్క విషయంలో మాత్రం కలిసొచ్చింది: పళ్ల చక్రం కుడివైపు ఉంటుంది కాబట్టి ఎడమ క్రాంకును విడిగా మార్చుకోవచ్చు. పాత పిల్లల సైకిలు నుంచి 152 మిల్లీమీటర్ల క్రాంకు దొరికింది, చదరపు రంధ్రం నా ఇరుసుకు సరిగ్గా కూర్చుంది. ఇరుసు షిమానోది, పదేళ్లుగా చుక్క నూనె అడగలేదు, ఈ విషయంలో నేను ఇంకో పేరు వినను. మిగిలింది 3.7.

పాదాన్ని ముందుకు జరిపి, మునివేళ్ల కింది భాగానికి బదులు పాదం మధ్య వంపును పెడలు మీద ఆనించాను. చీలమండ 5 సెంటీమీటర్లు ముందుకు పోవడంతో మోకాలు కొంచెం తెరుచుకుంది. ఇది 1.2 ఇచ్చింది. మిగిలింది 2.5. ఇక్కడ పది రోజులు ఆగిపోయాను. పొద్దున, సాయంత్రం, వేడి కాపడం ముందు, తర్వాత, వెనక్కి తొక్కుతూ, ముందుకు తొక్కుతూ ఎలా చూసినా ఆ 2.5 సెంటీమీటర్లు అలాగే ఉండేవి.

ఆదివారం మాత్రం తిరిగింది. వీడియో వెనక నుంచి తీసింది. నడుము వెనక రెండువైపులా ఎముక తగిలేచోట చొక్కా మీద తెల్ల టేపు ముక్కలు అంటించమని ఫిజియో చెప్పారు, అంటించాను. పెడలు పైకి వచ్చిన ప్రతిసారీ ఎడమ టేపు ముక్క పైకి లేస్తోంది. వీడియో ఆపి, వెనక గోడ మీది స్కేలుతో పోల్చి కొలిస్తే సరిగ్గా 2.5 సెంటీమీటర్లు. మోకాలు ఇవ్వనిది నడుము ఇచ్చింది. మా అబ్బాయి మెల్లగా, "అమ్మా, నువ్వు తుంటి ఎత్తి దాటిస్తున్నావు" అన్నాడు. నాకు ఏమాత్రం తెలియలేదు. లోపల నుంచి చూస్తే కాలు హాయిగా తిరిగినట్టే అనిపించింది. శరీరం నొప్పి ఉన్న చోటిని తప్పించుకుని పక్కదారిన పోయింది, నేను దాన్ని గెలుపు అనుకున్నాను. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు.

సోమవారం నుంచి, అసలు 99 దగ్గర అడ్డుపడుతున్నది ఏమిటని ఒక్కొక్కటిగా చూస్తున్నాను.

వాపు అనుకున్నాను. చిప్ప నడిమి మీద చుట్టుకొలత పొద్దున 38.1, సాయంత్రం 39.6, కుడి మోకాలు 36.8. ఈ ఎండల్లో సాయంత్రానికి వాపు తప్పడం లేదు. సాయంత్రం వంపు 95కు పడిపోతుంది, ఐసు పెట్టి కాలు దిండ్ల మీద ఎత్తితే మళ్లీ 99. అంటే వాపు నాలుగు డిగ్రీలు తింటోంది, కానీ అది తగ్గాక కూడా గోడ 99 దగ్గరే ఉంది. (ఐసుకు నాకు అన్నిటికన్నా నచ్చింది నీళ్ల ప్యాకెట్లు. ఫ్రీజరులో పడుకోబెట్టి సగం గడ్డకట్టగానే తీస్తే మోకాలి చుట్టూ బట్టలా ఒదుగుతాయి. మందుల షాపులో దొరికే నీలం జెల్ సంచీ గట్టిపడి పలకలా ఉంటుంది, దానికి ఇదే మేలు.)

తొడ ముందరి కండరం బిగుసుకుందేమోనని బోర్లా పడుకుని కొలిచాను. కూర్చుని 99 వచ్చేది బోర్లా 86 వచ్చింది. కండరం బిగువు ఉన్నమాట నిజమే. అయితే కూర్చున్నప్పుడు తుంటి వంగి ఆ కండరం వదులవుతుంది, అప్పుడు కూడా 99 దాటడం లేదంటే గోడ అది కాదు.

తీగ అనుకున్నాను. చిప్ప పైన, లోపలివైపు, చర్మం కింద బియ్యపు గింజంత సూది కొన చేతికి తగులుతుంది. 97 దగ్గర అక్కడ పోటు వస్తుంది. కానీ వేలితో చర్మాన్ని కొంచెం పక్కకు జరిపి పట్టుకుంటే పోటు పోతుంది, వంపు మాత్రం పెరగదు.

మిగిలింది చిప్పే. కాలు చాపి తొడ వదులుగా ఉంచితే నా కుడి చిప్ప బొటనవేలి కింద వేలు వెడల్పున కిందికి జారుతుంది. ఎడమది బండకు అతికించినట్టు ఉంది. మోకాలు వంగాలంటే చిప్ప తన గాడిలో కిందికి జారాలి. లోపల గాయం మానుతూ పొరలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయని, తోసి తోసి వదులు చేయాలని ఫిజియో అన్నారు. వారం రోజులుగా రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు, చిప్ప పై అంచు మీద బొటనవేళ్లు ఆనించి నిదానంగా కిందికి తోస్తున్నాను. ముందు పది నిమిషాలు కాపడం, మచ్చ మీద ఆముదంతో మర్దన, ఆ తర్వాత మడమ జారుడు.

మడమ జారుడుకు మా ఇంటి నేలను మించిన పరికరం లేదు. కడప బండలు, మా అత్తగారి కాలం నుంచి తుడిచి తుడిచి అద్దంలా నునుపెక్కాయి. పాత నూలు మేజోడు తొడిగి, బండ మీద చిటికెడు పౌడరు చల్లి, మడమను నా వైపు లాక్కుంటాను. మేజోడు బండ మీద సర్రుమంటూ జారి ఒకచోట చప్పుడు ఆగిపోతుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీస్తాను. తెల్లారితే పాత గీత దాటిందా లేదా అన్నదే మొదట చూసేది. ఆన్‌లైనులో 900 పెట్టి కొన్న జారుడు పలక అటక మీద ఉంది.

నొప్పి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదికి ఎంత అని ఆసుపత్రిలో అడిగేవారు, నాకు అంకె కన్నా పేరు ఎక్కువ పనికొచ్చింది. సలుపు అంటే వాపు, కాలు ఎత్తి పెట్టాలి. లాగుడు అంటే అతుక్కున్నది సాగుతోంది, ఓర్చుకుని నిలవాలి. పోటు అంటే సూది గుచ్చుకుంటోంది, తక్షణం వదలాలి. మంట అంటే పైన మచ్చ చర్మం, నూనె రాస్తే పోతుంది. తొలి మూడు వారాలు అర్ధరాత్రి రెండింటికి లేపిన సలుపుకు, ఇప్పటి లాగుడుకు పోలికే లేదు. డైరీలో ప్రతి కొలత పక్కన ఈ నాలుగు మాటల్లో ఒకటి రాస్తున్నాను. మర్నాడు పొద్దున "సలుపు" అని రాయాల్సి వస్తే ముందు రోజు ఎక్కువ చేశానని అర్థం, ఆ రోజు సగమే చేస్తాను.

లాగుడును 30 సెకన్లు పట్టి ఉంచాలి. గడియారం చూస్తే ఆ 30 సెకన్లు కదలవు. అందుకని కళ్లు మూసుకుని కడప నుంచి రాజంపేట వైపు రైలు స్టేషన్లు చెప్పుకుంటాను: కనుమలోపల్లె, భాకరాపేట, ఒంటిమిట్ట, మంటపంపల్లె, నందలూరు, హస్తవరం, రాజంపేట. స్టేషనుకు ఒక నిండు ఊపిరి. మొదట్లో భాకరాపేట దగ్గరే వదిలేసేదాన్ని. ఇప్పుడు రాజంపేట దాకా పోతున్నాను. ఒంటిమిట్ట పేరు వచ్చినప్పుడు మాత్రం గొంతు పట్టేస్తుంది. ఏటా చైత్రంలో అక్కడ రాత్రిపూట వెన్నెల్లో జరిగే కోదండరాముడి కల్యాణానికి సైకిలు మీదే వెళ్లేదాన్ని. ఈసారి కాలు చాపుకుని టీవీలో చూశాను.

నిన్న పొద్దున కొలత 101.

రెండే డిగ్రీలు, కానీ నాలుగు వారాల తర్వాత కదిలిన రెండు డిగ్రీలు. మూడుసార్లు కొలిచాను, ఫిజియో చేత కూడా కొలిపించాను. నెలాఖరుకు డాక్టరు దగ్గరికి పోవాలి. వంపు ఇలాగే నిలిచిపోతే మత్తు ఇచ్చి మోకాలిని వంచే మార్గం ఉందని ఆయన కిందటిసారే చెప్పారు. అవసరమైతే చేయించుకుంటాను, కానీ అంతవరకు రాకూడదని నా పట్టుదల. ఇంకో పది డిగ్రీలు ఈ బండల మీదే రాబట్టాలి.

ఇప్పుడు క్రాంకు లెక్క. 152తో, తుంటి ఎత్తకుండా తిరగాలంటే 103 కావాలి. 140 క్రాంకు పెడితే ఇంకో 12 మిల్లీమీటర్లు, అంటే రెండు డిగ్రీలు కలిసొస్తాయి. అప్పుడు 101 చాలు! ఉన్న క్రాంకుకే 140 దగ్గర ఇంకో రంధ్రం వేద్దామన్నాడు మెకానిక్ భాయ్. పెడలు రంధ్రమే 14 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, 12 దూరంలో రెండోది వేస్తే రెండూ కలిసిపోతాయని కాగితం మీద గీసి చూపించాను. ఎడమ పెడలుకు తిరగేసిన మర కూడా కోయాలి. చిన్న పిల్లల సైకిళ్లలో చాలావాటికి ఒకే కడ్డీని వంచిన క్రాంకు వస్తుంది, అది నాకు పనికిరాదు, దాని పెడలు మర కూడా సన్నం. చదరపు రంధ్రం ఉన్న 140 వెతకాలి. భాయ్ పాత సామాను కుప్ప తిరగేసి ఒకటి పట్టాడు. తుప్పు గీకి మంగళవారం ఇస్తానన్నాడు.

ఈ ఎగుడుదిగుడు క్రాంకులు స్టాండు మీదికే. రోడ్డెక్కే రోజుకు రెండువైపులా 152 పెట్టుకుని, సీటు సరిచేసుకుని, ముందు దేవుని కడప దాకా, పొద్దున్నే, చదును దారిలో పోతాను. ఒంటిమిట్ట పాతిక కిలోమీటర్లు ఆ తర్వాత. గువ్వలచెరువు ఘాటు, అంటే ఆ కొండదారి, ఈ ఏడాది లేనట్టే. ఎడమ తొడ చుట్టుకొలత ఇంకా 43.5 ఉంది, కుడిది 47. ఆ తేడా ఒక సెంటీమీటరుకు దిగేదాకా ఘాటు ఎక్కను. సూదులు, తీగ తీయించాలా వద్దా అన్నది ఏడాది నిండాక డాక్టరుతో మాట్లాడాలి. ఆ బియ్యపు గింజ అలాగే గుచ్చుతుంటే తీయించేస్తాను.

మంగళవారం సాయంత్రం 140 బిగించి, నడుముకు టేపు అంటించుకుని, వెనక నుంచి వీడియో తీయిస్తాను. టేపు కదలకుండా తిరిగిన చుట్టునే డైరీలో ఒకటి అని రాస్తాను.