చలికాలంలో పాత మాసీ ట్రాక్టరును లేపడం: డిసెంబరు నెల పని వివరాలు

డిసెంబరు 12. మాది ఆదిలాబాద్ జిల్లా. ఈ రోజు తెల్లవారుజామున కొట్టంలో 8 డిగ్రీలుంది. నాన్నగారి కాలం నాటి మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరుకు సెల్ఫ్ (ఇంజినును తిప్పే స్టార్టరు మోటారు) ఎంత కొట్టినా ఇంజిను బరువుగా మూలుగుతూ తిరిగిందే తప్ప అంటుకోలేదు. చూసినవారందరూ డీజిల్ పంపు విప్పమన్నారు. అయితే సైలెన్సరు నుంచి తెల్లని పొగ వస్తున్నదంటే డీజిల్ సిలిండర్లలోకి చేరుతున్నట్టే, అది మండడానికి కావలసిన వేడి మాత్రమే పుట్టడం లేదన్నమాట. డీజిల్ ఇంజినులో నిప్పు అంటించేది నొక్కుడుకు వేడెక్కిన గాలే కనుక, ఇంజిను నెమ్మదిగా తిరిగితే ఆ గాలి అరిగిన పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత జారిపోతుంది, మిగిలినదాని వేడిని చల్లని సిలిండరు గోడలు లాగేసుకుంటాయి.

డిసెంబరు 15. సెల్ఫ్ కొడుతుండగా మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ 10.4 వోల్టుల దగ్గర నిలబడింది, అంటే దానిలో లోపం లేదు. బ్యాటరీ ఎర్తు బోల్టుకూ ఇంజిను దిమ్మకూ మధ్య మాత్రం 1.6 వోల్టుల నష్టం కనిపించింది. అర వోల్టు కూడా ఉండకూడని చోటది. ఆ రెంటినీ కలిపే ఎర్తు పట్టీ విప్పితే పైన ఎర్రరంగు చక్కగానే ఉంది కానీ, కింద రాగి అల్లిక పచ్చగా చిలుము పట్టి, వేలితో రాస్తే పొడిగా రాలింది. కొత్త పట్టీ వేసి, అది ఆనే చోట రంగును ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో గీకి, బోల్టు బిగించాక గ్రీజు పూశాను. తరువాతి కొలత 0.2.

డిసెంబరు 19. ఇంజినులోకి వెళ్లే గాలిని చిన్న డీజిల్ మంటతో వేడిచేసే థర్మోస్టార్టును గాలి గొట్టంలోంచి బయటకు తీసి నేరుగా బ్యాటరీకి కలిపాను. తీగచుట్ట ఎర్రబడింది కానీ మంట రాలేదు. దానికి డీజిల్ అందించే చిన్న డబ్బీ పూర్తిగా ఎండిపోయి ఉంది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల నుంచి మిగులు డీజిల్‌ను ఆ డబ్బీకి తెచ్చే సన్నని గొట్టం మడ్డితో మూసుకుపోయింది. దాన్ని కడిగి, డబ్బీ నింపి మళ్లీ కలిపితే పదిహేను సెకన్లకు నాలుక లాంటి పసుపు మంట లేచింది. ఎన్నేళ్లుగా ఇది పనిచేయకుండా పడి ఉందో తలచుకుంటే బాధ కలిగింది. ఒక హెచ్చరిక: థర్మోస్టార్టు ఉన్న ఇంజినులో ఈథర్ స్ప్రే (ఇంజిను త్వరగా అంటుకోవడానికి గాలి గొట్టంలోకి కొట్టే మండే మందు) ఎన్నడూ కొట్టకూడదు, గాలి గొట్టంలోనే పేలుతుంది. గాలి వడపోత దగ్గర మండే గుడ్డ పట్టే అలవాటును కూడా నేను మాన్పించాను.

డిసెంబరు 22. 7 డిగ్రీలు. తాళంచెవిని వేడి స్థానంలో ఇరవై సెకన్లు ఉంచి, యాక్సిలరేటరు పూర్తిగా ఇచ్చి, క్లచ్ అడుగుదాకా తొక్కాను. గేర్‌బాక్సులో చలికి చిక్కబడిన నూనె బరువు సెల్ఫ్ మీద పడకుండా ఉండాలంటే క్లచ్ తొక్కడం తప్పనిసరి. నాలుగైదు చుట్లకే ఇంజిను అందుకుంది, అర నిమిషం తెల్లగా పొగ వదిలి సర్దుకుంది.

మధ్య సిలిండరు మీద నాకింకా అనుమానం ఉంది. సంక్రాంతి తరువాత నాజిళ్లు తీసి మూడు సిలిండర్ల కంప్రెషన్‌ను (గాలి నొక్కుడు ఒత్తిడిని) గేజితో కొలుస్తాను.