కత్తి పడకుండా, ఎర్ర వెలుతురుతో

నా ఎడమ మోకాలి కింద, ఎముక మీది చర్మంపై ఒక ఎర్రటి మచ్చ ఏళ్ల తరబడి ఉండేది. నొప్పి లేదు. దురద కూడా ఎప్పుడో ఒకప్పుడే. పైన పొట్టు కట్టేది, స్నానం చేస్తే ఊడిపోయేది, కొన్నాళ్లకు మళ్లీ కట్టేది. చీర కుచ్చిళ్ల చాటున ఉండటంతో ఎవరి కంటా పడలేదు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒకరు తామర అన్నారు, ఇంకొకరు ఎగ్జిమా అన్నారు. వాళ్లు రాసిచ్చిన ట్యూబులు వాడినన్నాళ్లూ ఎరుపు తగ్గేది, ఆపగానే తిరిగొచ్చేది. అలాంటి చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుందని, అది రాస్తే ఎలాంటి మచ్చయినా కొన్నాళ్లు నెమ్మదించినట్టు కనిపిస్తుందని నాకు చాలా తర్వాత తెలిసింది. లోపల ఉన్నది మాత్రం పక్కలకు పాకుతూనే ఉంది.

నేను తెలుగు మీడియం పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. షుగరు ఉంది. ఆ షుగరు చెకప్ కోసమే బరంపురం వెళ్లినప్పుడు, ఎలాగూ వచ్చాం కదా అని మావారు ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో చర్మ విభాగానికి కూడా తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ వయసులో మా అమ్మాయి కంటే చిన్నది. ఒరియాలోనే మాట్లాడింది. మచ్చను చేత్తో తడిమి, దీపం కింద పెట్టి చూసి, వరుసగా ప్రశ్నలు వేసింది. రెండో కాలికి ఉందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఎప్పుడైనా పూర్తిగా మాయమైందా? అన్నిటికీ లేదనే చెప్పాను. అప్పుడు నా రెండు అరచేతులూ తిప్పించి చూసింది. చిన్నప్పుడు ఉబ్బసానికి గానీ మరి దేనికి గానీ పాషాణం కలిసిన నాటుమందు తిన్నారా అని అడిగింది. పాషాణం అంటే ఆర్సెనిక్. అది ఒంట్లోకి చేరితే ఎన్నో ఏళ్ల తర్వాత చర్మంలో ఇలాంటి మచ్చలు లేస్తాయట, అరచేతుల్లో గట్టి గింజల్లాంటివి వస్తాయట. నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి. "ఒక్క కాలికే ఉండి, ఇన్నేళ్లుగా మెల్లగా పెరుగుతోందంటే ముక్క తీసి చూడాల్సిందేనమ్మా" అంది.

మత్తు సూది ఇచ్చి, గుండ్రటి చిన్న పరికరంతో కొన్ని మిల్లీమీటర్ల చర్మం తీశారు. ఒక కుట్టు వేశారు. ఇన్నేళ్ల ట్యూబులు చెప్పలేని సంగతి ఆ చిన్న ముక్క చెప్పింది. బోవెన్స్ వ్యాధి.

పేరు మెత్తగా ఉంది గానీ అది క్యాన్సరే, మొదటి మెట్టు మీద ఉన్న క్యాన్సర్. 1912లో దీన్ని వివరించిన జాన్ బోవెన్ అనే అమెరికా డాక్టరు పేరే దీనికి పెట్టారు. చర్మం పై పొరలోని కణాలు చెడిపోయి ఉంటాయి, కానీ ఆ పొర అడుగున ఉండే సన్నటి తెరను దాటి లోపలికి దిగవు. అలా వదిలేస్తే నూటికి ముగ్గురి నుంచి ఐదుగురిలో ఆ తెర దాటి అసలు స్క్వామస్ సెల్ క్యాన్సర్ అవుతుంది. చర్మ క్యాన్సర్లలో అందరూ భయపడేది మెలనోమాకి. అది త్వరగా ఒళ్లంతా పాకుతుంది. నాది ఆ జాతి కాదు. బేసల్ సెల్, స్క్వామస్ సెల్ అనేవి మెలనోమా కాని రకాలు, నెమ్మదిగా పెరిగేవి. మన రంగు చర్మాల్లో ఇవి తక్కువగా వస్తాయి. తక్కువ కాబట్టే చూసేవాళ్లకు ముందు తామరే గుర్తొస్తుంది. నా విషయంలో జరిగిందీ అదే.

క్యాన్సర్ అన్న మాట విన్నాక నాకు మూడు రాత్రుళ్లు నిద్ర లేదు. మావారు ఏమీ మాట్లాడకుండా రిపోర్టు పట్టుకుని మళ్లీ మళ్లీ చదివేవారు. ఆ తర్వాత మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఏడవకు. ఇది లోపలికి దిగలేదని రాశారు కదా. కానీ ఎలా తీయించాలో తొందరపడి తేల్చొద్దు" అన్నాడు. వాడి మాట మంచిదైంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది మరి.

మోకాలి కింద ఎముక మీద చర్మం బిగుతుగా ఉంటుంది, దాని కింద కండ ఉండదు. మూడు సెంటీమీటర్ల మచ్చను చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసేస్తే అంచులు దగ్గరికి లాగి కుట్టడం కష్టం. తొడ నుంచి చర్మం తీసి అతకాలి. పైగా నాకు షుగరు. కాలి మీద పుండు పడితే ఎప్పుడు మానుతుందో ఎవరూ చెప్పలేరు. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి కాల్చే పద్ధతి ఉంది గానీ, కాలి మీద అది కూడా నెలల తరబడి మానని పుండు మిగల్చగలదు. రోజూ రాసే ఫ్లోరోయురాసిల్ క్రీము ఉంది. వారాల పాటు రాయాలి, మచ్చంతా పచ్చిపుండు అవుతుంది. ఇవన్నీ విన్నాక హైదరాబాదులోని చర్మ డాక్టరు గారు నాలుగో దారి చెప్పారు. ఫోటోడైనమిక్ థెరపీ. ముందు మందు పూసి, తర్వాత దాని మీద వెలుతురు వేస్తారు.

ఈ వైద్యం అన్ని ఊళ్లలో దొరకదు. ఖర్చు మేమే పెట్టుకున్నాం. పాతపట్నం మీదుగా పలాస వెళ్లి, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ చేరడం ఆ రోజుల్లో మాకు అలవాటైపోయింది.

అదెలా పనిచేస్తుందో డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. టీచరు బుర్ర కదా, నేను కాగితం మీద రాసుకున్నాను. ఆ క్రీములో ఎమినోలెవ్యులినిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లో కూడా అది రోజూ తయారవుతుంది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ దానితోనే మొదలవుతుంది. బయటి నుంచి ఎక్కువ పూసినప్పుడు, చెడిపోయిన కణాలు మంచి కణాల కంటే ఎక్కువగా దాన్ని పీల్చుకుని, హీమ్ దాకా పోకుండా మధ్యలో ప్రోటోపోర్ఫిరిన్ అనే పదార్థాన్ని పోగుచేసుకుంటాయి. దానికి వెలుతురు పడదు. 630 నానోమీటర్ల ప్రాంతంలో ఉండే ఎర్ర వెలుతురు తగలగానే అది ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు ఇస్తుంది. ఆ ఆక్సిజన్ తీక్షణమైన రూపంలోకి మారి, తను పుట్టిన కణాన్నే లోపలి నుంచి చంపుతుంది. మందు, వెలుతురు, ఆక్సిజన్, మూడూ ఒకచోట కలవాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఏమీ జరగదు. చుట్టుపక్కల మంచి చర్మం చాలావరకు మిగిలేది అందుకే.

వెలుతురుతో వైద్యం అంటే నాకు కొత్తగా అనిపించింది గానీ అది పాత ఆలోచనే. చర్మానికి వచ్చే క్షయను వెలుతురుతో నయం చేసినందుకు డెన్మార్క్ డాక్టరు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లోనే నోబెల్ బహుమతి ఇచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందు మ్యూనిక్‌లో ఆస్కర్ రాబ్ అనే విద్యార్థి, ఆక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలోని సూక్ష్మజీవులు వెలుతురులో చచ్చిపోతున్నాయనీ, చీకట్లో బతుకుతున్నాయనీ గమనించాడు. నా కాలికి చేసిన వైద్యానికి మొదలు అదే. తరగతి గదిలో ఉన్న రోజుల్లో ఈ కథ తెలిసి ఉంటే పిల్లలకు ఎంత బాగా చెప్పేదాన్నో!

చికిత్స రోజు పొద్దున్నే ఆ క్రీము అప్పటికప్పుడు కలిపారు. నిల్వ ఉంటే పనిచేయదట. ముందు మచ్చ మీది పొట్టును చిన్న పరికరంతో మెల్లగా గీకారు. రక్తం వచ్చేంత కాదు, మందు దిగడానికి దారి ఇచ్చేంత. మచ్చ మీదా, చుట్టూ కొంత మంచి చర్మం మీదా మందంగా పూసి, ప్లాస్టిక్ పొర అంటించి, దాని మీద వెలుతురు చొరకుండా కట్టు కట్టారు. నాలుగు గంటలు అలా కూర్చోమన్నారు. తర్వాత తుడిచేసి, గదిలో దీపాలు ఆర్పి, ఊదా రంగు దీపం వేసి చూపించారు. నా కాలి మీద మచ్చ ఉన్న మేరా గులాబీ ఎరుపులో వెలిగింది. పగటి వెలుతురులో నాకు కనిపించే అంచు కంటే ఒక పక్క అది కాస్త ఎక్కువే పాకి ఉంది. ఇన్నేళ్లూ నాతో ఉన్న జబ్బును నేను నిజంగా చూసింది ఆ క్షణంలోనే.

నాకూ, నర్సమ్మకూ నల్ల కళ్లద్దాలు పెట్టారు. ఎర్ర దీపం వేశారు.

నొప్పి సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే దీన్ని "కోత లేని వైద్యం" అని చెప్పేవాళ్లు ఆ ముక్క త్వరగా దాటేస్తారు. మొదట వేడి తెలిసింది. నిమిషం గడవకముందే మంట మొదలైంది. పచ్చి గాయం మీద కారం రుద్దినట్టు, ఆ రుద్దే చెయ్యి ఆగనట్టు. కుర్చీ చేతులు పట్టుకుని పళ్లు బిగించాను. నర్సమ్మ చల్లగాలి గొట్టం కాలి మీదకు తిప్పింది, మధ్యలో నీళ్లు చిలకరించింది. "భరించలేకపోతే చెప్పండమ్మా, కాసేపు ఆపుతాను" అంది. ఒకసారి ఆపించుకున్నాను. అలా ఆపి మళ్లీ మొదలుపెట్టినా వైద్యానికి నష్టం లేదట. మొదటి కొద్ది నిమిషాలే అన్నిటికంటే కష్టం, తర్వాత మంట అక్కడే నిలిచిపోతుంది, ఇంక పెరగదు. మొత్తం కలిపి పదిహేను నిమిషాల లోపే అయిపోయింది. దీపం ఆర్పగానే సగం మంట పోయింది, రాత్రికి మాత్ర వేసుకుంటే మిగతాది తగ్గింది. వారం తర్వాత రెండోసారి చేశారు. ఆసారి ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి భయం తక్కువ, మంట మాత్రం తక్కువేమీ కాదు.

రెండు రోజుల పాటు ఆ చోట వెలుతురు తగలకూడదని కట్టు కట్టారు. క్రీము పూస్తే పూసిన చోటే వెలుతురుకు ఓర్చుకోలేదు. మందును నరంలోకి ఎక్కించే రకాలు వేరే ఉన్నాయి, వాటికైతే వారాల తరబడి ఎండ కన్నెరగకుండా ఉండాలి. నాకు ఆ బాధ తప్పింది. తిరుగు రైల్లో చీర అంచు కట్టు మీదికి లాక్కుని కూర్చుంటే సరిపోయింది.

ఇంటికొచ్చాక మా వీధిలో ఒకావిడ వచ్చి, "ఏటమ్మా టీచరమ్మా, నీకు కరెంటు పెట్టారట?" అని గుమ్మంలోనే అడిగింది. రేడియేషన్ అనుకుంది పాపం. అందులో వాడేది ఎక్స్‌రే లాంటి కిరణాలు, ఇది కంటికి కనిపించే మామూలు ఎర్ర వెలుతురు అని చెప్పాను. జుట్టు ఊడదు, వాంతులు కావు. ఆవిడ రెండో ప్రశ్న, అది అంటుకుంటుందా అని. అంటుకోదు. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. ఇది మాత్రం గట్టిగానే చెప్పాను, ఎందుకంటే నా మనవరాలు అప్పుడు నా ఒళ్లోనే ఉంది.

కాలు మొదట వాచింది, రసి కారింది, తర్వాత గట్టి పెచ్చు కట్టింది. పెచ్చు గిల్లొద్దని, వాజలైన్ రాసి పల్చటి గుడ్డ కట్టుకోమని చెప్పారు. షుగరు అదుపులో పెట్టుకోవడం ఆ రోజుల్లో నా అసలు పని. అన్నం తగ్గించి, చోడి (రాగి) అంబలికి మారాను. పెచ్చు ఊడిన చోట లేత గులాబీ చర్మం వచ్చింది. అది కొన్నాళ్లకు చుట్టుపక్కల కంటే నల్లబడింది. మన రంగు వాళ్లకు అలా జరుగుతుందని ముందే చెప్పడం వల్ల కంగారు పడలేదు. ఇప్పుడు ఆ నలుపు కూడా చాలావరకు పోయింది. కుట్ల గుర్తు లేదు, చర్మం అతికిన గుర్తు లేదు.

మూడు నెలలకు మళ్లీ చూపించుకోమన్నారు. ఆ పరీక్షలో కింది అంచున చిన్న ఎర్ర చోటు మిగిలి ఉందని తేలింది. నా గుండె జారిపోయింది. "ఇది ఓడిపోయినట్టు కాదమ్మా. మూడు నెలలకు చూడమనేదే ఇందుకు" అన్నారు డాక్టరు గారు. అంచుకు మళ్లీ అదే చికిత్స చేశారు. ఆ తర్వాతి పరీక్షలో శుభ్రంగా ఉంది. కోసి తీసిన దానికంటే ఈ పద్ధతిలో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని వాళ్లే చెప్పారు. కోస్తే ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి అంచులు చూడొచ్చు. ఇక్కడ చూడటానికి ముక్క ఉండదు, కాబట్టి కంటితో కాపలా కాయాల్సిందే.

నాకు నయమైందని విని మా పెద్ద బావగారు పాతపట్నం నుంచి వచ్చారు. జీవితమంతా ఎండలో పొలం చేసిన మనిషి. ముక్కు పక్కన నల్లటి బొడిపె, మధ్యలో గుంట, అంచు మెరుస్తోంది. అప్పుడప్పుడు రక్తం వస్తోందన్నారు. "నాకూ నీలాగే దీపం వేయించేయమ్మా, కత్తి వద్దు" అన్నారు. "బావగారూ, ముందు ముక్క పరీక్ష చేయించుకోండి, ఏం వైద్యమో ఆ తర్వాత డాక్టరు చెబుతారు" అన్నాను. విశాఖలో చేయించారు. బేసల్ సెల్ క్యాన్సర్, గడ్డలా ఉబ్బే రకం. ఈ పూత మందూ వెలుతురూ కలిసి పనిచేసేది రెండు మిల్లీమీటర్ల లోతు వరకే. ఆయనది అంతకంటే లోపలికి ఉంది. పైగా ముక్కు, కళ్ల చుట్టుపక్కల ఇది మళ్లీ వస్తే ఎముక దాకా తినేయగలదు. అందుకే ఆపరేషన్ చేసి, అంచులు శుభ్రమని తేల్చుకుని కుట్టారు. ఆయన కొన్నాళ్లు అలిగారు, నాకు దొరికింది తనకెందుకు దొరకలేదని. నా మచ్చ పల్చగా ఉంది, చోటు ఎముక మీద, నాకు షుగరు. ఆ మూడు కారణాలూ కలిసి నాకు వెలుతురు సరిపోయింది. ఆయన ముక్కుకు కత్తే సరైంది. ఇది ఆయనకు నెమ్మది మీద అర్థమైంది. ఇప్పుడు ఆ కుట్టు గీత దగ్గరగా చూస్తే గానీ తెలియదు.

ఆరు నెలలకోసారి నన్ను తల నుంచి పాదం దాకా చూస్తున్నారు. పోయిన పరీక్షలో వీపు మీద కొత్తగా ఒక గోధుమరంగు మచ్చ కనిపిస్తే దాన్నీ వదల్లేదు, ముక్క తీసి పంపారు. వయసుతో వచ్చే మామూలు మచ్చ అని రిపోర్టు వచ్చింది. తర్వాతి పరీక్ష దసరా వెళ్లాక. ఈసారి బావగారు కూడా నాతోనే వస్తానంటున్నారు, ఇద్దరికీ కలిపి టిక్కెట్లు తీయమని మా అబ్బాయికి చెప్పాను.