పుణ్యో గంధః: చీకట్లో పూసే పూల గురించి

"పుణ్యో గంధః పృథివ్యాం చ" అన్నాడు కృష్ణస్వామి భగవద్గీత ఏడో అధ్యాయంలో. నీళ్ళలో రుచిని నేను, సూర్యచంద్రుల్లో వెలుగును నేను అంటూ వచ్చినవాడు, భూమి దగ్గరికి వచ్చేసరికి కొండల్నీ బంగారాన్నీ వదిలేసి వాసనను పట్టుకున్నాడు. ఈ పాదం చదివినప్పుడల్లా నాకు చీకటి పడ్డాక విచ్చుకునే పూలే గుర్తొస్తాయి. పారిజాతం, కాడమల్లి, నైట్ క్వీన్, ఇళ్ళల్లో బ్రహ్మకమలం అని పిలుచుకునే ఆ తెల్లటి జెముడు పువ్వు.

వీటికి రంగుల ఆర్భాటం లేదు. చాలావరకు తెలుపే. ఉన్న శక్తంతా వాసనలోనే పెడతాయి. నైట్ క్వీన్ పక్కన మధ్యాహ్నం నిలబడి చూడండి, రాత్రి ఇల్లంతా ఘుమఘుమలాడించింది ఈ మొక్కేనా అనిపిస్తుంది.

ఆ పరిమళం మనకోసం కాదు. రాత్రిపూట తిరిగే చిమ్మటల కోసం. గాలిలో వాసన తీగలా సాగదు, తెగుతూ తెగుతూ వస్తుంది. అది తగలగానే చిమ్మట గాలికి ఎదురెగురుతుంది. జాడ తప్పితే గుడ్డిగా ముందుకు పోదు. అటూ ఇటూ ఊగుతూ వెతుకుతుంది, మళ్ళీ తగిలాక బయల్దేరుతుంది. నా జపం కూడా ఇంతే. మనసు జారినప్పుడల్లా విసుక్కునేదాన్ని, ఈ పురుగు సంగతి తెలిశాక విసుగు తగ్గింది.

మడగాస్కర్‌లో ఒక తెల్లటి ఆర్కిడ్ ఉంది. దాని మకరందం దాదాపు 30 సెంటీమీటర్ల గొట్టం అడుగున ఉంటుంది. అది చూసి 1862లో డార్విన్, అంత పొడుగు తుండం ఉన్న చిమ్మట ఉండి తీరాలన్నాడు. ఆయన పోయాక, 1903లో, ఆ చిమ్మటకు శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. పువ్వును చూసి, కనబడని ప్రాణి ఉందని నమ్మాడాయన. మనమేమో ఇంత సృష్టినీ చూస్తూ ఇంకా రుజువులు అడుగుతాం!

పారిజాతం దగ్గరే నా ప్రాణం నిలుస్తుంది. నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదంటారు, దీనికి మాత్రం మినహాయింపు. ఎందుకో గమనించారా? తెల్లవారుతూ రాలేది రేకులూ ఆ నారింజ రంగు కాడా మాత్రమే. కాయ కావలసిన భాగం కొమ్మ మీదే ఉండిపోతుంది. రాత్రి పని ముగించుకుని, చెట్టు తనంతట తాను వదిలిందే స్వామి పాదాలకు చేరుతోంది. ఎవరినీ నొప్పించని ఇలాంటి నైవేద్యం ఇంకోటి చూపించండి.

అలాంటి చెట్టును పట్టుకుని అర్ధరాత్రే ఊపేస్తున్నారు, పొద్దున్నే ఇంకెవరో ఏరేసుకుంటారని టెన్షన్! పండగొస్తే కొమ్మలకు సీరియల్ లైట్లు. 2017లో స్విట్జర్లాండ్‌లో చేసిన పరిశోధనలో, దీపాలు పెట్టిన పచ్చికబయళ్ళలో రాత్రిపూట పూల మీదికి వచ్చే పురుగుల రాకపోకలు 62 శాతం తగ్గాయని తేలింది. అమ్మవారి కోసం వెలిగించామనుకుంటాం, అమ్మవారి బిడ్డలకే దారి మూస్తున్నాం.

దయచేసి ఆ లైట్లు తీసేయండి. మొగ్గల్ని సాయంత్రమే తుంచకండి. పూలచెట్ల మీద పురుగుమందు కొట్టి, వాటి పూలే తెచ్చి అష్టోత్తరం చదవకండి. పళ్ళెం నిండలేదని బెంగా? "పత్రం పుష్పం" అన్న శ్లోకంలో ఆయన అడిగింది ఒక్క పువ్వే.